ఆ ఒక్క పై స్వరం: టెనర్ గాయకుడు ద్యూప్రే, ఆయన నేర్పిన పాఠం

కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడు తన గొంతుకు ఏ శ్రుతి సరిపడుతుందో తానే నిర్ణయించుకుంటాడు. ఒకటో శ్రుతిలో హాయిగా పలికేవారు ఒకటిలో పాడతారు. వయసు మీదపడి గొంతు బరువెక్కాక అర శ్రుతి తగ్గించుకున్నా ఎవరూ తప్పు పట్టరు. త్యాగరాజ కీర్తన ఏ శ్రుతిలో పాడినా త్యాగరాజ కీర్తనే. పాశ్చాత్యుల సంగీత నాటకమైన ఒపెరాలో ఈ వెసులుబాటు చాలా తక్కువ. స్వరకర్త ఏ స్వరాన్ని ఏ స్థాయిలో కాగితం మీద రాశాడో, సాధారణంగా అదే స్థాయిలో, పదుల కొద్దీ వాద్యాల హోరును దాటుకుని, మైకు సాయం లేకుండా, చివరి వరుసలో కూర్చున్న శ్రోత చెవిదాకా ఆ స్వరం వెళ్లాలి. అంటే అక్కడ గొంతే రచనకు ఒదగాలి గాని, రచన గొంతుకు ఒదగదు. ఒపెరా లోకంలో గాత్ర బోధన అనే వృత్తి చుట్టూ ఇంత ప్రతిష్ఠ, ఇన్ని వాదవివాదాలు, ఇంత రహస్యం పోగుపడడానికి మూలం ఈ ఒక్క తేడాలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

ఈ భారం అన్ని గొంతుల మీదా ఒకేలా పడదు. పురుషుల గాత్రాలను ఒపెరాలో స్థూలంగా మూడుగా విడదీస్తారు: అడుగున బాస్, మధ్యలో బారిటోన్, పైన టెనర్. మగవారిలో ఎక్కువమంది సహజ స్వరం బారిటోన్‌కు దగ్గరగా ఉంటుంది. అందువల్ల టెనర్ అనేది దొరికే గొంతు కన్నా తయారయ్యే గొంతు అనడమే ఎక్కువ సబబు. ఆ తయారీకి గీటురాయిగా నిలిచినది పియానో మీద మధ్య 'సి'కి ఒక స్థాయి పైన ఉండే 'సి' స్వరం. సెకనుకు సుమారు 523 కంపనాలు. మన లెక్కలోకి మార్చి చెప్పుకుంటే దాని ఎత్తు ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడికి అది తారస్థాయి షడ్జమం కాదు, దానికి కూడా పైన ఉన్న అతితారస్థాయి షడ్జమం. ఐదో శ్రుతిలో పాడే గాయనికి అది తారస్థాయి శుద్ధ మధ్యమం. ఆడవారు కచేరీలో ఎక్కడిదాకా వెళ్లి నిలబడితే చప్పట్లు మోగుతాయో, మగవాడు అక్కడికి వెళ్లి, అదీ బలహీనపడని నిండు గొంతుతో నిలబడాలన్నమాట.

ఈ కోరిక ఒపెరాలో మొదటినుంచీ లేదు. ఒక గాయకుడి వల్ల అది పుట్టి, పది పదిహేనేళ్లలో అందరికీ తప్పనిసరి అయిపోయింది. ఆ గాయకుడు జిల్బేర్ ద్యూప్రే. రంగస్థలం మీద ఆయన వెలిగిన కాలం చిన్నది, పాఠం చెప్పిన కాలం పెద్దది. చరిత్ర మాత్రం ఆయన్ను ఒక్క స్వరానికి కుదించి గుర్తుపెట్టుకుంది. ఆ స్వరం ఏమిటో, దానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారో, ఒక టెనర్ ఉపాధ్యాయుడైనప్పుడు అసలు ఏమి నేర్పగలడో కలిపి చూస్తే తప్ప ద్యూప్రే జీవితం అర్థం కాదు.

పాత పద్ధతి, దాని చివరి మహా గాయకుడు

ద్యూప్రేకు ముందు పారిస్ ఒపెరాలో మొదటి టెనర్ అడోల్ఫ్ నూరీ. నూరీ 1802లో పుట్టారు. ఆయన తండ్రి కూడా అదే సంస్థలో టెనర్. నూరీకి గాత్రం నేర్పినవాడు స్పెయిన్ దేశపు టెనర్ మాన్యుయెల్ గార్సియా. 1816లో రోమ్‌లో ఇటాలియన్ స్వరకర్త రోస్సినీ 'సెవిల్ మంగలి' ఒపెరాను మొట్టమొదట ప్రదర్శించినప్పుడు ప్రేమికుడైన అల్మావీవా పాత్ర పాడినది ఈ గార్సియానే. కుటుంబమంతటినీ వెంటబెట్టుకుని 1825లో న్యూయార్క్ వెళ్లి, అక్కడివారికి ఇటాలియన్ ఒపెరాను పరిచయం చేసినది కూడా ఆయనే. కూతుళ్లు మరియా మాలిబ్రాన్, పొలీన్ వియార్డో ఇద్దరూ యూరప్‌ను ఊపేసిన గాయనులు. తండ్రి పేరే పెట్టుకున్న కొడుకు గాత్ర శాస్త్రానికే పునాది వేశాడు. అతని దగ్గరకు మళ్లీ వద్దాం.

నూరీ, ఆయన తరం టెనర్లు పై స్వరాలను ఇప్పటివారిలా పాడేవారు కాదు. మధ్యస్థాయి దాటి ఒక హద్దు వచ్చేసరికి వారు గొంతును తేలిక చేసి 'తల స్వరం'లోకి జారిపోయేవారు. మన విద్వాంసులు దొంగగొంతు అని కొట్టిపారేసేదానికి అది దూరపు చుట్టమే గాని, పూర్తిగా అది కాదు. సంవత్సరాల సాధనతో రెండు స్వరాల మధ్య అతుకు కనిపించకుండా మెరుగుపెట్టిన, మెత్తని, వెండి తీగలాంటి ధ్వని. 1829లో రోస్సినీ రాసిన 'విలియం టెల్' ఒపెరాలో అర్నోల్ అనే యువకుడి పాత్రను నూరీ కోసమే రూపొందించారు. అందులో పై 'సి'లు ఎన్నో ఉన్నాయి, కానీ రోస్సినీ మనసులో మోగినది నూరీ పలికే ఆ తేలిక ధ్వని. 1827 నుంచి పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో నూరీ పాఠాలు కూడా చెప్పారు. నటన, ఉచ్చారణ, సాహిత్యపు భావం, స్వరపు నాజూకు అన్నీ ఒక్కటిగా చూసిన గురువు ఆయన. ఆయన శిష్యురాలు కోర్నెలీ ఫాల్కన్ పేరు ఈనాటికీ ఒక రకం గాత్రానికి పేరుగా చలామణీలో ఉంది.

లూకా నుంచి పారిస్‌కు

ద్యూప్రే 1806లో పారిస్‌లో పుట్టారు. బాల్యంలో అలెగ్జాండర్ షోరోన్ నడిపిన సంగీత పాఠశాలలో చదివి, 1825లో ఒడెయాన్ రంగశాలలో అల్మావీవా పాత్రతోనే రంగప్రవేశం చేశారు. గొంతు చిన్నది. బాగా చదువుకున్న సంగీతకారుడన్న పేరే గాని, జనాన్ని కూర్చున్నచోటి నుంచి లేపగల గాయకుడన్న పేరు రాలేదు. కొన్నేళ్లకు ఆయన ఇటలీ చేరారు. అక్కడి గాయకులలో బరువైన స్వరంతో, విశాలమైన ఉచ్చారణతో పాడేవారిని చాలా దగ్గరగా విన్నారు.

1831లో టస్కనీలోని లూకా పట్టణంలో 'విలియం టెల్' ఇటలీలో మొదటిసారి ప్రదర్శితమైనప్పుడు అర్నోల్ పాత్ర ద్యూప్రేకు దక్కింది. దాదాపు 50 ఏళ్ల తరువాత, 1880లో అచ్చయిన తన జ్ఞాపకాలలో ఆయన ఆ సాధన గురించి రాశారు. యుద్ధానికి పిలుపునిచ్చే ఆ పాటకు తన పాత మెత్తని స్వరం సరిపోదని, దేహబలాన్నీ మనోబలాన్నీ అంతటినీ ఒక్కచోటికి తేవలసి వచ్చిందని, ప్రాణం పోయినా సరే సాధించి తీరాలని నిశ్చయించుకున్నానని, ఆ పట్టుదలలోనే పై 'సి' దొరికిందని ఆయన చెప్పుకున్న మాటల సారాంశం. ఈ వాక్యాలను గాత్రం నేర్చుకునే ప్రతి విద్యార్థీ నిదానంగా, ఒకటికి రెండుసార్లు చదవాలి. కొత్త స్వరం ఒక సిద్ధాంతం నుంచి రాలేదు. ఒక పాత్ర భావం నుంచి వచ్చింది: తండ్రిని చంపినవారి మీద పగతో రగిలే కొడుకు తేలిక స్వరంలో ఎలా పిలుస్తాడన్న ప్రశ్న నుంచి వచ్చింది. అదే సమయంలో, దానిని కనుగొన్నవాడే అది శరీరాన్ని పణంగా పెట్టే పని అని మొదటిరోజే గ్రహించాడు.

ఇటలీలో ఆయన పేరు పెరిగింది. 1835లో నేపుల్స్‌లో స్వరకర్త డోనిజెట్టి ఒపెరా 'లూచియా' మొదటి ప్రదర్శనలో నాయకుడు ఎడ్గార్డో ఆయనే. పారిస్ ఒపెరా ఆయన్ను నూరీతో సమాన హోదాలో తీసుకోవాలని నిర్ణయించింది. పదేళ్లకు పైగా ఏకైక ప్రధాన టెనర్‌గా ఉన్న నూరీ ఆ పోటీకి సిద్ధపడక రాజీనామా చేసి, 1837 ఏప్రిల్ 1న వీడ్కోలు ప్రదర్శన ఇచ్చారు. పదహారు రోజుల తరువాత, ఏప్రిల్ 17న, అదే రంగస్థలం మీద, నూరీ కోసం పుట్టిన అదే అర్నోల్ పాత్రలో ద్యూప్రే నిలబడి, పై 'సి'ని నిండు గొంతుతో పలికారు. ఆ రాత్రితో టెనర్ అంటే ఏమిటన్న నిర్వచనమే మారిపోయింది. ఒక్కరికి మాత్రం అది నచ్చలేదు, ఆయన ఆ సంగీతాన్ని రాసిన రోస్సినీ. తన ఇంట్లో ద్యూప్రే ఆ స్వరం పలికినప్పుడు గాజుసామాను పగిలిందేమోనని రోస్సినీ వెళ్లి చూసుకున్నారనే కథ సంగీతకారుల మధ్య ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది.

గొంతులో నిజంగా జరిగేది

ద్యూప్రే పలికినదాన్ని ఆనాటినుంచీ 'ఛాతీ సి' అంటున్నారు. ఈ పేరు విన్నవారికి స్వరం ఛాతీలోంచి పుడుతుందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ప్రతి స్వరమూ పుట్టేది స్వరపేటికలోనే. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి రెండు స్వరతంత్రుల మధ్య సందును నెట్టుకుని బయటపడుతుంటే, ఆ మెత్తని మడతలు తెరుచుకుంటూ మూసుకుంటూ గాలిని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల వరుసే ధ్వని. కింది స్వరాలు పాడేటప్పుడు ఛాతీ ఎముకల్లో అదురు తెలుస్తుంది కాబట్టి దానికి ఛాతీ స్వరమని, పైన తలలో అదురు తెలుస్తుంది కాబట్టి తల స్వరమని గాయకులు పేర్లు పెట్టుకున్నారు. సప్తస్వరాలు నాభి, హృదయం, కంఠం, నాలుక, నాసికలలో శోభిల్లుతాయన్న త్యాగరాజస్వామి కూడా గాయకుడి అనుభవాన్నే పలికారు. పాడేవాడికి శరీరంలో తెలిసేది ఒకటి, స్వరపేటికలో జరిగేది మరొకటి. గాత్ర బోధనలోని గందరగోళంలో సగం ఈ రెంటినీ ఒకటిగా పొరబడడం వల్లనే వస్తుంది.

స్వరతంత్రుల పని తీరులో ముఖ్యంగా రెండు కండరాల సమతూకం ఉంటుంది. ఒకటి తంత్రిలోనే ఉండి దానిని పొట్టిగా, మందంగా చేస్తుంది. రెండోది స్వరపేటిక మృదులాస్థులను వంచి తంత్రిని సాగదీసి పలుచన చేస్తుంది. వీణ తీగను బిగిస్తే శ్రుతి పెరిగినట్టే, తంత్రి సాగేకొద్దీ స్వరం పైకి వెళుతుంది. మందమైన తంత్రులు ప్రతి కంపనంలోనూ గట్టిగా, ఎక్కువసేపు మూసుకుంటాయి. ఆ మూతవేత వల్ల మూల స్వరంతో పాటు దాని పై అనుస్వరాలు, అంటే దాని కంపనాలకు రెట్టింపు, మూడు రెట్లు వేగంతో లోలోపల మోగే ధ్వనులు కూడా బలంగా పుడతాయి. తేలిక స్వరంలో తంత్రుల అంచులు మాత్రమే తాకీతాకనట్టు తాకుతాయి, అనుస్వరాలు పలచబడతాయి, ధ్వని వేణువులా మెత్తగా ఉంటుంది. నూరీ మార్గం, ద్యూప్రే మార్గం వేరుపడేది ఇక్కడే. నూరీ హద్దు రాగానే మందాన్ని వదిలేశారు. ద్యూప్రే తంత్రులను సాగదీస్తూనే ఆ గట్టి మూతను చివరిదాకా వదలలేదు.

ఆ హద్దును ఇటాలియన్లు పస్సాజ్జో అంటారు, అంటే దాటే చోటు. టెనర్‌కు అది మధ్య 'సి' పైన ఉండే మూడు నాలుగు స్వరాల పరిధిలో ఉంటుంది. అక్కడిదాకా 'ఆ' అచ్చును మనం వీధిలో ఎవరినైనా కేకవేసి పిలిచినట్టు తెరిచి పాడవచ్చు. అలాగే తెరిచి ఇంకా పైకి వెళితే స్వరపేటిక కూడా పైకి లేస్తుంది, మెడ కండరాలు బిగుస్తాయి, స్వరం అరుపుగా మారి చివరికి విరుగుతుంది. బజారులో అరిచే మనిషి గొంతు సాయంత్రానికి బొంగురుపోవడం అందరికీ తెలిసినదే. దీనికి విరుగుడుగా ద్యూప్రే స్వరపేటికను కిందనే నిలిపి, గొంతు వెనకభాగాన్ని వెడల్పు చేసి, 'ఆ'ను కొద్దిగా 'ఓ' వైపు చీకటి చేశారు. ఫ్రెంచివారు దాన్ని 'చీకటి స్వరం' అని, 'కప్పిన స్వరం' అని పిలిచారు. అలా కప్పినప్పుడు గొంతు గుహ ఆకారం మారి, ఏ అనుస్వరం ఎంతగా మోగాలో మారుతుంది, అరుపు తగ్గి నిండుదనం వస్తుంది.

మైకు లేకుండా ఇంత పెద్ద వాద్యబృందాన్ని ఒక్క గొంతు ఎలా దాటుతుందన్న ప్రశ్నకు సమాధానం ద్యూప్రే కాలంలో ఎవరికీ తెలియదు. 1970లలో స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ దాన్ని లెక్కలతో వివరించారు. వాద్యబృందం ధ్వనిశక్తి సుమారు 500 హెర్ట్జ్ దగ్గర అత్యధికంగా ఉండి, పైకి పోయేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది. శిక్షణ పొందిన పురుష గాయకుడి గొంతులో 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల అనుస్వరాలు గుంపుగా కూడి ఒక శిఖరంలా లేస్తాయి. వాద్యాలు పలచబడిన చోట గొంతు దట్టంగా ఉంటుంది కాబట్టి అది హోరును గెలిచినట్టు వినిపిస్తుంది. గాయకుడు వాద్యాల కన్నా గట్టిగా పాడడం లేదు, వాద్యాలు ఖాళీ వదిలిన సందులో పాడుతున్నాడు. మైకులు రాని రోజుల్లో పద్యనాటకాల నటులు తీసిన రాగం పందిరి చివర నిలబడినవారిదాకా వెళ్లడంలో కూడా ఇలాంటి మెరుపు ఉండే ఉంటుందని నా నమ్మకం.

వైద్యులు, అద్దం, గార్సియా కొడుకు

ద్యూప్రే విజయం సంగీతజ్ఞులనే కాక వైద్యులను కూడా కదిలించింది. 1840లో లియాన్ వైద్యులు దీదే, పెట్రెకాన్ 'ఒక కొత్త రకం గానస్వరం' మీద పరిశీలనా పత్రం ప్రచురించి, ఈ చీకటి స్వరంలో స్వరపేటిక కింద స్థిరంగా నిలిచి ఉంటుందని చెప్పారు. అదే ఏడాది చిన్న మాన్యుయెల్ గార్సియా ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి తన పరిశీలనలను సమర్పిస్తూ, ఆ స్వరం తనకు ముందే తెలుసని, తన పాఠాల్లో దాన్ని వాడుతూనే ఉన్నానని పేర్కొన్నారు. 1805లో పుట్టిన ఈయన బారిటోన్. యవ్వనంలో తండ్రి వెంట అమెరికాలో పాడి గొంతు దెబ్బతిన్నాక రంగస్థలం వదిలి పూర్తిగా ఉపాధ్యాయుడయ్యారు. ఒకే రకమైన యంత్రాంగంతో పుట్టే స్వరాల వరుసను ఒక 'రిజిస్టర్' అనాలన్న ఆయన నిర్వచనం మీదే నేటి గాత్ర శాస్త్రం నడుస్తోంది.

1854లో ఆయన దంతవైద్యుల పొడుగు కాడ అద్దాన్ని గొంతు వెనక నిలిపి, చేతి అద్దంతో సూర్యరశ్మిని దాని మీదికి తిప్పి, తన స్వరతంత్రులు కదలడాన్ని తానే చూశారు. మరుసటి ఏడాది ఆ పరిశీలన లండన్ రాయల్ సొసైటీ ముందుకు వెళ్లింది. నేడు చెవి ముక్కు గొంతు వైద్యుడు ప్రతి రోగి గొంతులోకి చూసే పరీక్షకు మూలం ఒక పాటల మాస్టారి కుతూహలం. అంతకన్నా నన్ను కదిలించేది మరొక సంగతి. 1841లో స్వీడన్ గాయని యెన్నీ లిండ్ అలసిపోయి, చెడిపోయిన గొంతుతో ఆయన దగ్గరకు వచ్చినప్పుడు, ఆయన ఇచ్చిన మొదటి పాఠం ఆరు వారాల మౌనం. తన గొంతు పోగొట్టుకున్నవాడికి మౌనం విలువ తెలుసు.

మూల్యం

నూరీ పారిస్ వదిలి 1838లో ఇటలీ వెళ్లారు. 36 ఏళ్ల వయసులో, దేశమంతా గురువుగా గౌరవించిన మనిషి, మళ్లీ విద్యార్థి అయి నేపుల్స్‌లో డోనిజెట్టి దగ్గర ఇటాలియన్ శైలి అభ్యసించారు. బరువైన స్వరం కొంతమేరకు వచ్చింది గాని, ఆయన ప్రాణంగా చూసుకున్న మెత్తని తల స్వరం ఆ క్రమంలో చేజారింది. డోనిజెట్టి ఆయన కోసం రాసిన ఒపెరాను, క్రైస్తవ అమరవీరుని కథను రంగస్థలం మీద చూపకూడదని నేపుల్స్ రాజు నిషేధించారు. ఆరోగ్యం చెడి, మనసు కుంగి, 1839 మార్చి 8న నూరీ తన ప్రాణం తానే తీసుకున్నారు. పార్థివదేహం మార్సెయి చేరినప్పుడు అక్కడి చర్చిలో జరిగిన ప్రార్థనలో ఆర్గన్ వాయించినది ప్రసిద్ధ స్వరకర్త షోపాన్. నిషేధానికి గురైన ఆ ఒపెరా ఫ్రెంచి రూపంలో 1840లో పారిస్‌లో వెలుగు చూసింది. నూరీ కోసం రాసిన నాయక పాత్ర పాడినది ద్యూప్రే.

ఈ కథను ఒక గాయకుడు మరొక గాయకుణ్ణి బలిగొన్న కథగా చెప్పేవారున్నారు. నేను దానిని ఒప్పుకోను. ద్యూప్రే ఎవరినీ అనుకరించమని అడగలేదు. అడిగినది శ్రోతలు, నిర్వాహకులు. 30 ఏళ్లకే ఒక పద్ధతిలో పరిపూర్ణమైన కండరాల అలవాటును పూర్తిగా తిరగరాయడం ఎంత ప్రమాదకరమో ఎవరికీ తెలియకపోవడం అసలు దుఃఖం. పైగా ద్యూప్రే కూడా ఆ స్వరానికి మూల్యం చెల్లించక తప్పలేదు. పారిస్ ఒపెరాలో బెర్లియోజ్, డోనిజెట్టి, వెర్డి రచనల్లో కొత్త పాత్రలు పాడుతూనే, 1840లు నడిచేకొద్దీ ఆయన గొంతు అలసట శ్రోతలకు వినిపించసాగింది. 1849లో, 43 ఏళ్ల వయసులోపే, ఆ రంగస్థలం నుంచి తప్పుకున్నారు. పారిస్ ఒపెరాలో ఆయన పాలన 12 ఏళ్లు. ఆ తరువాత ఆయన జీవించినది 47 ఏళ్లు.

ఉపాధ్యాయుడు ద్యూప్రే

గొంతు ఇంకా బాగున్నప్పుడే, 1842లో, ద్యూప్రే పారిస్ కన్సర్వేటరీలో గాత్ర బోధకుడయ్యారు. 1850 వరకు అక్కడ పనిచేసి, 1853లో సొంతంగా గాన పాఠశాల స్థాపించారు. 1840ల మధ్యలో 'గానకళ' పేరిట పాఠ్యగ్రంథం వెలువరించారు. ఆ గ్రంథంలో విశాలమైన, బలమైన శైలికి ఎంత చోటుందో, నాజూకుకు, వేగవంతమైన సంగతులకు అంతే చోటుంది. సాహిత్యపు ఉచ్చారణకు కూడా.

ఆయన శిష్యుల పేర్లు చూస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. కన్సర్వేటరీలో ఆయన దగ్గర చదివిన కరోలిన్ మియోలాన్ కార్వాలో గూనో 'ఫౌస్ట్' లో మార్గరీట్ పాత్రను 1859లో తొలిసారి పాడిన గాయని. తేలికదనానికి, స్వచ్ఛతకు, పలుకు సొంపుకు పేరు. కెనడా నుంచి వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్న ఎమ్మా అల్బానీ ఆ తరువాత లండన్ శ్రోతల అభిమాన గాయని అయింది. ఆయన కూతురు కరోలిన్ ద్యూప్రే కూడా చురుకైన, తేలిక గొంతుతో, 1854లో మేయెర్బీర్ కొత్త ఒపెరాలో నాయికగా పాడింది. ఛాతీ 'సి'తో యూరప్‌ను దద్దరిల్లజేసిన మనిషి దగ్గర తయారైనవారిలో మిక్కిలి పేరు పొందినవారు బలానికి కాదు, లాఘవానికి ప్రసిద్ధులు. పులిస్వారీ చేసినవాడు ఆ పులిని పిల్లల చేతికి ఇవ్వలేదు. తన అద్భుతాన్ని నకలు తీయించడం బోధన కాదని, ఎదురుగా నిలబడిన గొంతు ఏమి కోరుతున్నదో విని దానికి తగినది ఇవ్వడమే బోధన అని ఆయన తరగతి ఫలితాలు చెబుతున్నాయి.

ఈ వినడం ఎంత కష్టమో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. వీణ గురువు శిష్యుడి వేళ్లను సరిచేయగలడు. మృదంగ గురువు చేయి పట్టి దెబ్బ వేయించగలడు. గాత్ర గురువుకు వాద్యం కనిపించదు, చేతికి అందదు. పాడే శిష్యుడు కూడా తన స్వరాన్ని నిజంగా వినలేడు, ఎందుకంటే అతని ధ్వనిలో కొంతభాగం ఎముకల గుండా లోపలి నుంచే చెవికి చేరి, బయటివారికి వినిపించని గాంభీర్యాన్ని చేరుస్తుంది. అందువల్ల గురువే శిష్యుడికి బయటి చెవి. ఆవులించబోయే ముందు గొంతు తెరుచుకున్నట్టు ఉంచమని, గాలిని తోయకుండా ఆపిపట్టి ఖర్చుపెట్టమని, స్వరాన్ని ముఖం ముందుకు తెచ్చుకోమని చెప్పే మాటలన్నీ ఉపమానాలే. శాస్త్రప్రకారం స్వరం ముందుకూ వెనక్కూ పోదు. అయినా సరైన ఉపమానం సరైన కండరాన్ని కదిలిస్తుంది. తప్పు గొంతుకు చెప్పిన సరైన ఉపమానం మాత్రం సంవత్సరాల సాధనను చెడగొట్టగలదు.

టెనర్లు ఉపాధ్యాయులైనప్పుడు ఈ పనికి ప్రత్యేకంగా పనికివస్తారని నేను భావించడానికి కారణం ఉంది. బారిటోన్ చాలావరకు తాను మాట్లాడే గొంతుకు దగ్గరగా పాడతాడు. టెనర్ ప్రతి స్వరాన్నీ తవ్వి తెచ్చుకోవాలి కాబట్టి దారిలోని ప్రతి రాయీ అతనికి గుర్తుంటుంది. పోలండ్‌కు చెందిన జాన్ డె రెష్కే 1874లో బారిటోన్‌గా రంగప్రవేశం చేసి, తరువాత స్బ్రీల్యా అనే విశ్రాంత టెనర్ దగ్గర గొంతును మార్చుకుని, 1879లో టెనర్‌గా మళ్లీ తొలిసారి రంగస్థలం ఎక్కారు. ఆ శతాబ్దపు చివరి ఇరవై ఏళ్లలో అగ్రగాయకులలో ఒకరై, విరమించాక పారిస్‌లోను, నీస్‌లోను 1925లో చనిపోయేదాకా పాఠాలు చెప్పారు. నూరీ ఓడిపోయిన చోట డె రెష్కే గెలవడానికి వయసు, పోటీ ఒత్తిడి లేకపోవడం ఒక కారణమైతే, మధ్యలో గడిచిన 40 ఏళ్లలో ఉపాధ్యాయులు ఆ కప్పిన స్వరాన్ని సాహసం నుంచి విద్యగా మార్చడం మరొక కారణం.

ఆ విద్య ఎంత దూరం వెళ్లగలదో చూపినవాడు అల్‌ఫ్రేడో క్రౌస్. 1927లో కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో పుట్టి, సాంకేతిక విద్య చదివి, మిలాన్‌లో మెర్సెడెస్ యోపార్త్ అనే గాయని దగ్గర గాత్రం దిద్దుకుని, 1956లో కైరోలో 'రిగొలెత్తో' తో రంగప్రవేశం చేశారు. 1958లో లిస్బన్‌లో మరియా కల్లాస్ సరసన పాడారు. పేరు వచ్చాక బరువైన పాత్రలు ఎన్ని ఎదురొచ్చినా, తన తేలిక గొంతుకు తగిన కొద్ది పాత్రల దగ్గరే ఉండిపోయారు. ఆ నిరాకరణల వల్లనే పై 'సి' 60 ఏళ్ల వయసు దాటాక కూడా ఆయన్ను వదలలేదు. 1999లో మరణించే ముందటి సంవత్సరాల్లో మాద్రిద్‌లోని రైనా సోఫియా ఉన్నత సంగీత పాఠశాలలో గాత్ర విభాగానికి ప్రధానాచార్యులుగా ఉంటూనే కచేరీలు చేశారు. విద్యార్థులకు ఆయన పదే పదే చూపినది 'ఈ' అనే అచ్చు. అన్ని అచ్చుల్లో అది ముఖం ముందు భాగంలో అతి సూటిగా తెలిసే ధ్వని. ఆ చోటు దొరికాక మిగతా అచ్చులను దాని పక్కనే పేర్చుకోమనేవారు. ద్యూప్రే చీకటి చేసిన 'ఆ'కు, క్రౌస్ వెలుగులో నిలిపిన 'ఈ'కి మధ్య దూరం ఎంత ఉన్నట్టు కనిపించినా, ఇద్దరి పాఠమూ పస్సాజ్జో అనే ఆ మూడు నాలుగు స్వరాల దగ్గరే మొదలవుతుంది. ఈనాటికీ మంచి టెనర్ గురువు దగ్గర చేరిన విద్యార్థి నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి, ఆ కొద్ది స్వరాల మీదే సాధన చేస్తాడు. పై 'సి'ని పాడమని గురువు అడిగే రోజు అన్నిటికన్నా చివర వస్తుంది.